దొర బంగళాల దారిలో నాలుగు రోజులు

మొదటి రోజు, శుక్రవారం: నల్లగొండ

చిన్నాన్న సంచిలో రెండు జతల బట్టలు, బీపీ మాత్రల డబ్బా, ఒక మంకీ టోపీ, పాత తువ్వాలులో చుట్టిన పింగాణీ కప్పు ఉన్నాయి. కప్పు ఎందుకని అడిగాను. "టీ తాగడానికి" అన్నాడు, ఇంకెందుకు ఉంటుంది అన్నట్టు. ఆ కప్పు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెల్లటిది, అంచు చుట్టూ సన్నని నీలం గీత. చెవి విరిగిపోయి రెండు మొండి మొనలు మిగిలాయి. మా తాతది. తాత ఒక మిషన్ బంగళాలో దొర బండి తోలేవాడు. అది ఏ ఊరి బంగళానో, ఏ మిషనుదో ఇక్కడ రాయను. ఆ దొర మునిమనుమలు ఎక్కడో ఉండే ఉంటారు, ఈ గొడవతో వాళ్లకు పనిలేదు.

చిన్నాన్నకు 78 ఏళ్లు. ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను హైదరాబాదులో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఈ ప్రయాణానికి కారణం మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె. క్లాసులో మాటవరసకు 'కాటన్ దొర' అన్నాను. వెంటనే లేచి, "దొర అంటే మంచివాడా, చెడ్డవాడా టీచర్?" అని అడిగింది. వాళ్ల నాయనమ్మ చెప్పే కథల్లో దొర కోటలాంటి గడీలో ఉంటాడు, మనుషులను చెట్టుకు కట్టేయిస్తాడు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. గంట కొట్టి నన్ను కాపాడారు.

గోదావరి జిల్లాల్లో దొర అంటే ధవళేశ్వరం ఆనకట్ట. 1852లో అది పూర్తయిన నాటి నుంచి కాటన్‌కు అక్కడి రైతులు దండం పెడుతూనే ఉన్నారు. కడపలో బ్రౌన్ దొర, రాయలసీమ పల్లెల్లో మన్రో దొర. కృష్ణ దాటి ఇటు వస్తే అదే రెండక్షరాల మాట రంగు మారిపోతుంది. ఇక్కడ దొర తెల్లవాడు కాదు, మన ఊరివాడే. దేశ్‌ముఖో, జాగీర్దారో. 'నీ బాంచన్ దొరా, నీ కాల్మొక్త' అనకుండా ఆయన ముందు నోరు విప్పడానికి లేదు. అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయింది ఆ దొరతనం మీద తిరగబడే.

అలాంటి చోటికి బైబిలు పట్టుకుని వచ్చిన తెల్లవాళ్లను జనం ఏమని పిలిచారు? దొర అనే. వాళ్ల ఆడవాళ్లను దొరసాని. చేతిలో ఉన్న మాట అదొక్కటే. అయితే ఆ పిలుపుతో పాటు గడీ దొరకు ఇచ్చే దూరం కూడా వాళ్లకు ఉచితంగా దక్కిందా, లేక వాళ్లు వద్దన్నారా? పాత మిషన్ ఊళ్లు నాలుగైదు తిరిగితే ఏమైనా తెలుస్తుందేమోనని చిన్నాన్నను వెంటబెట్టుకుని బయలుదేరాను.

నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగాక రోడ్డులో సగం వడ్లదే. నవంబరు చివర కదా, ఆరబోసిన ధాన్యానికి అటూ ఇటూ రాళ్లు పేర్చి, మధ్యలో ఒక ముసలమ్మ కాళ్లతో వడ్లు తిరగేస్తూ నడుస్తోంది. కారు నడిపేది కల్వకుర్తి కుర్రాడు. నన్ను 'మేడం' అని, చిన్నాన్నను 'సార్' అని పిలుస్తున్నాడు. నార్కట్‌పల్లి టీ దగ్గర చిన్నాన్న అతనికి చెప్పాడు: "సార్ అంటే బడి గుర్తొస్తుంది, తాతా అను." సాయంత్రానికి అతను తాతా అనడం మొదలుపెట్టాడు. నేను మాత్రం మేడంగానే ఉండిపోయాను.

నల్లగొండకు తెల్ల దొర వచ్చింది 1890లో. పేరు అబ్రహాం ఫ్రీజెన్. భార్య మరియాతో 1889లో సికింద్రాబాదుకు చేరి, మరుసటి ఏడు ఇక్కడికి వచ్చాడు. ఇంగ్లీషువాడు కాదు. దక్షిణ రష్యాలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, స్థిరపడిన జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ కుటుంబాలవాడు. ఆయుధం పట్టం, ప్రమాణం చేయం అన్నందుకు 16వ శతాబ్దం నుంచి ఐరోపా రాజ్యాలెన్నో తరిమిన శాఖ వాళ్లది. 1870లలో రష్యా వాళ్ల మగపిల్లలను సైన్యంలోకి రమ్మనేసరికి వేలమంది మూటలు కట్టుకుని అమెరికా, కెనడాలకు ఓడ ఎక్కారు. ఎక్కనివాళ్లలోంచి వచ్చినవాడు ఫ్రీజెన్. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కుదిరిన ఏర్పాటు వల్ల నల్లగొండ ఆయన వంతుకు వచ్చింది. రాజ్యం పొడ గిట్టని వంశంవాడు నిజాం రాజ్యంలో కాలుపెట్టగానే దొర అయిపోయాడు.

ఇది తలచుకుంటే నాకు నవ్వొస్తుంది, కానీ చిన్నాన్న నవ్వలేదు. "దొర కన్నా ముందే మన ఇంటికి దేవుడు వచ్చాడు. మా నాయనమ్మ తెచ్చింది, పెళ్లిలో" అన్నాడు. ఆమె కృష్ణకు అవతలి పిల్ల. మాదిగవాడల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలకు నిజాం సరిహద్దు, ఇంగ్లీషు సరిహద్దు అడ్డం కాలేదు. అవతల ఒంగోలు వైపు జరిగింది చరిత్రలోనే ఉంది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేస్తూ యోగ సాధన పట్టిన మాదిగ పెద్ద, 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత పల్లె పల్లె తిరిగి మనుషులను పోగు చేసింది పేరయ్య, అతని చుట్టాలు. దొర ఊళ్లోకి వచ్చేసరికి జనం సిద్ధంగా కూర్చుని ఉండేవారు. మిషన్ నివేదికల్లో మాత్రం ఇలాంటివాళ్లంతా 'దేశీయ సహాయకులు'. ఎవరికి సహాయకులు? నడిచినవాడు సహాయకుడు, బండిలో వచ్చినవాడు మిషనరీ.

పాత ప్రాంగణం బయట టీకొట్టు దగ్గర ఒకాయన మా సంభాషణ విని కలగజేసుకున్నాడు. "కరువులో అన్నం పెట్టి మార్చారు లెండి" అన్నాడు, కోపంగా కాదు, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు. 1876-78 కరువు సంగతి అది. క్లౌ అప్పుడు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపింది వదిలాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో మునిగారు. ఈ లెక్కలన్నీ చెప్పబోయాను. చిన్నాన్న నా మోచేయి పట్టుకుని ఆపి, కప్పులో టీ పోయించుకుంటూ ఆయనతో అన్నాడు: "నిజమే అన్నా. అన్నం కోసమే పోయారనుకో. మరి అంతకు ముందు వాళ్ల దగ్గర అన్నం ఎందుకు లేదో అది కూడా చెప్పు." ఆయన గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "అది వేరే కథ" అన్నాడు.

లోపల వేపచెట్ల నీడలో కాపలాగా ఉన్న పెద్దాయన మమ్మల్ని అటూ ఇటూ తిప్పాడు. తెల్లవాళ్లు వెళ్లిపోయాక పాస్టరును ఏమని పిలుస్తున్నారని అడిగాను. "అయ్యగారు" అన్నాడు. పాస్టరు భార్య అమ్మగారు. కుర్చీ ఖాళీ కాలేదన్నమాట.

శుక్రవారం కాబట్టి డ్రైవరు కుర్రాడు నమాజుకు వెళ్లి, అటు నుంచి లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి వస్తానన్నాడు. సాయంత్రం మేమూ కొన్ని మెట్లు ఎక్కి, చిన్నాన్న మోకాళ్లు మొరాయించడంతో మధ్యలో కూలబడ్డాం. పైకి పోయేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లూ, టోపీ పెట్టుకున్నవాళ్లూ కలిసే పోతున్నారు. ఒక తల్లి చంటివాడి జుట్టు తీయించడానికి తీసుకెళ్తోంది. కుర్రాడు దిగి వస్తూ చక్కెర పొట్లం విప్పి మా చేతుల్లో పోశాడు. చిన్నాన్న నోట్లో వేసుకున్నాడు. మా వాళ్లలో కొందరు వేసుకోరు, అదీ చెప్పాలి.

రాత్రి లాడ్జిలో పడుకునే ముందు చిన్నాన్న పైకే ప్రార్థన చేశాడు. ఎన్నోసార్లు విన్నదే, కానీ ఈసారి ఒక చిన్న మాట చెవికి తగిలింది. "తండ్రీ, నీవు మమ్మల్ని క్షేమంగా తెచ్చావు." నీవు. ఆ తండ్రి సంగతి చెప్పడానికి వచ్చిన మనిషితో తాత ఏనాడూ నీవు అని ఉండడు. తమరు, లేదంటే దొరవారు.

రెండో రోజు, శనివారం: దేవరకొండ, డిండి, మన్ననూరు

దేవరకొండలో ఎక్కువసేపు ఆగలేదు. పద్మనాయకుల కోట గోడలు ఎండలో మెరుస్తున్నాయి. ఊళ్లో మెన్నోనైట్ల పాత చర్చికి తాళం. తాళం చెవి ఉన్న మనిషి పత్తి ఏరించడానికి పోయాడట. సీతాఫలాలు కొనుక్కుని డిండి కట్ట మీద కూర్చుని తిన్నాం. గింజలు ఉమ్మడానికి జలాశయం అంత పెద్దది ఉండగా కారు వాసన చూడటం ఎందుకన్నాడు చిన్నాన్న.

మన్ననూరు చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఇక్కడి నుంచి నల్లమల మొదలు. నేను ఈ ఊరికి మిషన్ కోసం రాలేదు, ఇంకొక తెల్లవాడి కోసం వచ్చాను. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. 1939లో ఇండియాకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్లకు శత్రుదేశీయుడయ్యాడు. నిజాం రాజ్యం దాటి పోకూడదన్న షరతు మీద హైదరాబాదులో ఉండనిచ్చారు. 1940లో ఆయన అమ్రాబాదు గుట్టల మీద చెంచుల దగ్గర గుడారం వేశాడు. పాస్‌పోర్టు ఉన్నందుకు కదలలేని మనిషి, పాస్‌పోర్టు అన్న మాటే వినని మనుషుల దగ్గరకు చేరాడు. వాళ్లు గడ్డలు తవ్వే కర్ర నుంచి గుడిసె కప్పు దాకా అన్నీ రాసుకున్నాడు. తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజనుల విషయంలో సలహాదారయ్యాడు. చెంచుల కోసం కొంత అడవిని ప్రత్యేకంగా కేటాయించడం వెనుక ఆయన చెయ్యి ఉంది.

మేలు చేశాడా అంటే చేశాడు. అయినా నాకు ఒక పీకులాట. అక్కడి మనుషులు ఏమి తింటారు, ఎవరిని పెళ్లాడతారు, చస్తే ఎలా పూడుస్తారు అన్నీ ఆయన అడిగాడు. వియన్నాలో మీ అమ్మ ఏమి వండుతుందని వాళ్లు ఆయనను అడిగి ఉంటే అది పుస్తకంలో ఎక్కడానికి వీలులేదు. అడిగేవాడికీ చెప్పేవాడికీ మధ్య ఆ ఒక్క తేడా చాలు. ఇలా అంటున్న నేను కూడా చేతిలో నోటు పుస్తకంతోనే తిరుగుతున్నాను, అది వేరే సంగతి.

రోడ్డు పక్కన తేనె సీసాలు పెట్టుకుని కూర్చున్న చెంచు అవ్వ దగ్గర ఆగాం. నడివయసులో అడవి లోపలి పెంట, అంటే చెంచుల గూడెం, నుంచి రోడ్డు పక్కకు వచ్చేసిందట. చిన్నాన్న ఆమె పక్కన నేల మీదే కూర్చుని తేనె గురించి బేరం మొదలుపెట్టాడు. బేరం కాదు, కబుర్లు. శ్రీశైలం మాట వచ్చింది. అవ్వ మల్లన్నను 'మా అల్లుడు' అంది. చెంచుపిల్లను చేసుకున్నాడు కాబట్టి అల్లుడే మరి. చెంచులకు ఆయన చెంచు మల్లయ్య.

"అల్లుడు మాట వింటాడా అవ్వా?" అన్నాడు చిన్నాన్న.

"ఏ అల్లుడు వింటాడు?" అంది.

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. అవ్వ ఒక గరిటెడు తేనె తీసి చిన్నాన్న అరచేతిలో పోసింది, నాకు సీసా మూతలో ఇచ్చింది. చదువుకున్నదానిలా కనిపించి ఉంటాను. తనను ఫోటో తీయవచ్చా అని అడిగాను. "తీస్తే నాకేమి వస్తుంది?" అంది. నా దగ్గర జవాబు లేక ఫోను లోపల పెట్టేశాను.

రాత్రి కాటేజీ వరండాలో చలికి దుప్పటి కప్పుకుని చిన్నాన్నకు అజరయ్య కథ చెప్పాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1874లో తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. అదీ నిజాం రాజ్యమే, మనకు ఈశాన్యాన. మరుసటి ఏడు స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు. అందులో ఆసియావాళ్లు ఇరవై మంది లోపే. అజరయ్య లేచి, మిషనరీలకూ భారతీయులకూ మధ్య సంబంధం గురించి మొహమాటం లేకుండా చెప్పాడు. చివరికి అన్నది ఇది: మీరు పేదలను పోషించడానికి మీ ఆస్తులు ఇచ్చారు, కాల్చడానికి మీ దేహాలు ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి.

1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1930లలో దళితులు మతం మారడం గురించి గాంధీతో గట్టిగా విభేదించాడు. తెల్లవాడి ముందు ఒక నిజం, మహాత్ముడి ముందు ఇంకొక నిజం చెప్పవలసి వచ్చింది పాపం, రెండు వైపులా మొహాలు మాడాయి.

చిన్నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయాడనుకున్నాను. "స్నేహితులు అన్నాడా?" అని అడిగాడు చీకట్లోంచి.

"అవును."

"స్నేహితుడి ఇంట్లో ఎక్కడ కూర్చుంటాం?"

మూడో రోజు, ఆదివారం: నాగర్‌కర్నూలు, వనపర్తి

పొద్దున్నే అచ్చంపేట మీదుగా వచ్చి, నాగర్‌కర్నూలుకు ఇవతల ఒక పల్లెలో ఆరాధనకు ఆగాం. ఒకే గది చర్చి. చెప్పులు బయట. లోపల ఈత చాపలు, ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. కంజీర వాయించే పిల్లవాడు తాళం తప్పినప్పుడల్లా వాళ్ల అమ్మ అవతలి వైపు నుంచి కళ్లతోనే సరిచేస్తోంది. ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకటి అయ్యగారికి. రెండోది ఎవరైనా పెద్దమనిషి వస్తే. ఆ రోజు వచ్చిన పెద్దమనిషి చిన్నాన్న. ఆయన ఈ మూడు రోజులూ కుర్చీల గురించి నేను చేసిన ప్రసంగాలన్నీ విన్నాడు కాబట్టి చాప మీద కూర్చుంటాడేమో అని చూశాను. హాయిగా కుర్చీలో కూర్చున్నాడు. బయటకు వచ్చాక అడిగితే, "నీ సమానత్వానికి మోకాళ్ల నొప్పి లేదు బిడ్డా" అన్నాడు.

ఆరాధన తర్వాత అన్నం పెట్టారు. వడ్డిస్తూ ఒక పెద్దమ్మ మా ఇంటిపేరు, మా ఊరు, మేము ఎవరి తాలూకు అని అన్నీ ఆరా తీసింది. అంటే కులం తెలిసేదాకా. ఈ ఊళ్లో మాలలది ఒక చర్చి, మాదిగలది ఒక చర్చి. శ్మశానాలు కూడా వేరే. బల్ల దగ్గర అందరూ ఒకే రొట్టె తినాలని చెప్పే మతం ఇది. దీనికి తెల్ల దొరలను తిట్టి ఊరుకుంటే మనకు సుఖంగానే ఉంటుంది. కానీ వాళ్లు ఇల్లు ఖాళీ చేసి దశాబ్దాలు దాటింది, గోడ ఎవరు కాపాడుతున్నట్టు?

ప్రభుత్వం కాపాడే గోడ ఇంకొకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులు బీసీ-సీ. చిన్నాన్న సర్టిఫికెట్టులో అదే ఉంది. ఆయన మేనబావ కొడుకు, అదే వాడ, అదే బావి, బడి రికార్డులో హిందువని రాయించుకుని ఎస్సీ సర్టిఫికెట్టుతో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆదివారం మాత్రం చర్చికే వస్తాడు. "ఆఫీసులో ఒక పేరు, దేవుడి దగ్గర ఒక పేరు" అని చిన్నాన్న నవ్వుతూనే అన్నాడు గానీ, కారులో చాలా దూరం కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నాడు.

నాగర్‌కర్నూలులో అమెరికా మెన్నోనైట్ బ్రెథ్రెన్‌వాళ్లు గత శతాబ్దం తొలి దశాబ్దంలో వచ్చి స్థిరపడ్డారు. వీళ్ల కుటుంబాలే ఆ 1870ల వలసలో రష్యా వదిలినవి. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ హైదరాబాదు చేరాక ఒక్కొక్క ఊరూ కలుపుకుంటూ పాలమూరు జిల్లా అంతా పరుచుకున్నారు. కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరు 1907లో వచ్చి 1945లో చనిపోయేదాకా ఈ దేశంలోనే వైద్యం చేసింది. ముప్పై ఎనిమిదేళ్లు. ఎందరికి కాన్పు చేసి ఉంటుందో. గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడితే పురుడు పోయడం కుదరదు, మంచం పక్కన కూర్చోవాలి, చేతులు నెత్తురు కావాలి. పాత మిషన్ కథల్లో ఆసుపత్రి కథలు మిగతావాటి కన్నా నాకు ఎక్కువ నచ్చడానికి కారణం అదేననుకుంటాను.

వనపర్తిలో సంస్థానం రాజమహల్ ఇప్పుడు పాలిటెక్నిక్. ఆదివారమైనా ఒక నలుగురు కుర్రాళ్లు మహల్ మెట్ల మీద చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని ఫోను చూస్తున్నారు. చిన్నాన్న వాళ్ల పక్కనే కూర్చుని ఏ బ్రాంచి అని అడిగాడు. లేచి నిలబడబోతే వద్దన్నాడు. వాళ్లు నిజంగానే నిలబడలేదు.

నాలుగో రోజు, సోమవారం: మహబూబ్‌నగర్, ఆ తర్వాత

కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డెక్కి మహబూబ్‌నగర్ వచ్చాం. అమెరికన్ బాప్టిస్టు ఎల్బర్ట్ చూట్ 1885లో వచ్చినప్పుడు ఇది పాలమూరు. ఐదేళ్లకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. 1937లో బాప్టిస్టులు ఈ ఊరిని, గద్వాలను మెన్నోనైట్ బ్రెథ్రెన్‌కు అప్పగించి వెళ్లారు. సంఘస్తులను ఎవరూ అడిగి ఉండరు. పొలం అమ్మినప్పుడు పాలేరును అడుగుతారా?

మన దగ్గర వలస పాలన అంటే ఇంగ్లీషువాడు అని ఒక్కముక్కలో చెప్పడానికి కుదరదు. 1798 ఒప్పందంతో నిజాం ఈస్టిండియా కంపెనీ చేతికింద చేరాడు. కోఠీలో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి రెసిడెంటు, పైన నిజాం, ఆయన కింద సంస్థానాలు, జాగీర్లు, వాటి కింద గడీ, గడీ కింద వెట్టి. మిషనరీకి ఈ మేడలో ప్రత్యేకంగా ఒక గది కట్టలేదు. రెండో అంతస్తులో ఖాళీగా ఉన్నదాంట్లో దిగాడు. కింది అంతస్తువాళ్లకు అక్షరం నేర్పాడు, మందు ఇచ్చాడు, చేయి పట్టుకుని పైకి రమ్మన్నాడు కూడా. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఏమయ్యేదో ఒక్కొక్క బంగళాలో ఒక్కొక్క కథ.

పిల్లలమర్రి చూశాం. 700 ఏళ్ల చెట్టంటారు. 2018లో చెదలు పట్టినప్పుడు మనిషికి పెట్టినట్టు సెలైను సీసాలతో మందు ఎక్కించారు. చెట్టు నీడలోనే ఒక దర్గా. ఊడల మధ్య తిరుగుతుంటే ఏది తల్లి మొదలో చెప్పలేం.

మధ్యాహ్నం జడ్చర్ల దాటాక దారి మళ్లించి తాత బంగళాకు వెళ్లాం. ఇది చివరికి ఉంచమన్నది చిన్నాన్నే. ఆయన ఇక్కడికి వచ్చి అరవై ఏళ్లు దాటింది. పైకప్పు సగం లేదు. ఎత్తైన గుమ్మాలు, గచ్చు పగుళ్లలోంచి ఉమ్మెత్త మొక్కలు. చుట్టూ వరండా, దానికి నల్లరాతి మెట్లు మూడు. మధ్య మెట్టు మధ్యలో అరిగి గుంట పడింది. తాత కూర్చునే చోటు అదట. దొర వరండాలో కుర్చీలో, తాత రెండో మెట్టు మీద. రోజూ సాయంత్రం ఇలా కూర్చునే దొర తాతకు చదవడం నేర్పాడు. పుస్తకం దొర ఒళ్లో ఉండేది కాబట్టి తాతకు అక్షరాలు తలకిందులుగా కనిపించేవి. మా తాత చివరిదాకా పుస్తకం ఎటు తిప్పి పట్టుకున్నా చదివేవాడు. ఇంట్లో ఇది పెద్ద గొప్పగా చెప్పుకునేవాళ్లు. నేనూ చెప్పుకునేదాన్ని.

దొర స్వదేశం వెళ్లిపోయే రోజు తాత కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దొర కూడా పెట్టుకున్నాడట. దొరసాని కప్పులు, సాసర్ల సెట్టు మొత్తం తీసుకుపొమ్మంది. తాత వద్దన్నాడు. తన కప్పు ఒక్కటే అడిగి తెచ్చుకున్నాడు. తన కప్పు అంటే, వంటింటి దూలానికి కాదు, బయట వరండా స్తంభానికి కొట్టిన మేకుకు చెవితో వేలాడే కప్పు. టీ తాగి, కడిగి, మళ్లీ తగిలించాలి.

"ఆ మేకు దొర కొట్టించాడా?" అని అడిగాను.

"తెలియదు. వంటవాడు పై కులంవాడు. నా గిన్నెల్లో వాడి కప్పు కలిస్తే నేను మానేస్తానన్నాడట. ఊళ్లో హోటళ్లలో మనకు వేరే గ్లాసులు చూరులో పెట్టేవాళ్లు కదా, ఇదీ అలాగే. దొర వచ్చేసరికే మేకు ఉందేమో."

"తీయించవచ్చు కదా?"

"తీయించవచ్చు" అన్నాడు చిన్నాన్న.

ఎడమ నుంచి రెండో స్తంభం దగ్గర ఆగి చేత్తో తడిమాడు. మేకు ఉంది. తుప్పు పట్టి, సున్నం పొరల కింద సగం పూడిపోయి, కొస పైకి వంగి ఉంది. చిన్నాన్న భుజం ఎత్తులో. తాత నా ఊహలో ఉన్నంత పొడగరి కాదు.

డ్రైవరు కుర్రాడు కారులోంచి ఫ్లాస్కు తెచ్చాడు. చిన్నాన్న తువ్వాలు విప్పి కప్పు తీశాడు. నేను ఆ మొండి చెవిని వేలితో తాకి, "ఇక్కడి నుంచి తెచ్చేటప్పుడే విరిగిందా, బండి కుదుపులకు?" అన్నాను. చిన్నప్పటి నుంచి అలాగే అనుకున్నాను.

"విరగలేదు. మా నాయనే విరగ్గొట్టాడు. ఇంటికి తెచ్చిన రోజే, రోలు అంచు మీద పెట్టి, ఇంకొక రాయితో. మా అమ్మ మంచి కప్పు పాడు చేస్తున్నావని కేకలేసింది."

"ఎందుకు చిన్నాన్నా?"

ఆయన జవాబు చెప్పకుండా రెండు చేతుల మధ్య కప్పు పట్టుకుని ముందుకు చాపాడు. చెవి లేనిది అలాగే పట్టుకోవాలి. కుర్రాడు టీ పోశాడు. "తాతా, వేడిగా ఉంది, చూసుకో" అన్నాడు.